తట్టకుండా పోసిన ఆవాలు

బేకరీ వెనక గది,
శుక్రవారం మధ్యాహ్నం

చెల్లెమ్మా,

పిండి లారీ డ్రైవరు మీ ఊరి మీదుగానే వెళ్తాడు, ఇంకో గంటలో బయల్దేరతాడట. అందుకని కుశలప్రశ్నలు పక్కన పెట్టి అసలు సంగతి రాసేస్తున్నా. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఇక్కడ ఫోన్ పట్టుకుంటే బట్టీ మనిషి నుంచి ప్యాకింగ్ ఆవిడ దాకా అందరి చెవులూ ఇటే తిరుగుతాయి. పైగా నువ్వు ఫోన్లో లెక్క చెబితే నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తా. కాగితం మీదైతే నాలుగు సార్లు చదువుకుంటా.

సంగతేమిటంటే, ఈ వీధి చివర ఇంకో బేకరీ ఉంది. అక్కడి మేస్త్రి నాకు స్నేహితుడు. ఈ మధ్య అతనికి కాస్త ఇబ్బందిగా ఉందట. ఏం ఇబ్బందో నేను అడగలేదు. బ్రెడ్ సరిగ్గా పొంగిందో లేదో చేత్తో నొక్కి చూడకుండా తెలుసుకునే ఉపాయం ఏదైనా ఉందా అని నన్ను అడిగాడు. "మా చెల్లెలు సైన్స్ టీచరు, ఇలాంటివన్నీ ఆవిడకి కొట్టిన పిండి" అనేశాను.

నా సంగతి నీకు తెలుసుగా. ముప్పై ఏళ్ళ నుంచి ఇక్కడ చేస్తున్నది ఒకటే పని. పొంగిన పిండిని వేలితో ఒక నొక్కు నొక్కుతా. ఆ గుంట మెల్లగా లేచి, పూర్తిగా నిండకుండా ఆగితే "పెట్టండి బట్టీలో" అంటా. అంతే నా విద్య. దానికి లెక్కలేముంటాయి అని నా అనుమానం. కానీ అతను నోరు తెరిచి అడిగాడు కాబట్టి కాదనలేకపోయా. కాస్త తొందరగా రాయి, పాపం కంగారు పడుతున్నాడు.

మీ వదిన బావుంది. బావని అడిగానని చెప్పు.

మీ అన్నయ్య


ల్యాబ్ గది, బడి,
బుధవారం, నాలుగో పీరియడ్ ఖాళీ

అన్నయ్యా,

నీ ఉత్తరం చూసి బావ నవ్వాడు. "మీ అన్నయ్య ఉత్తరం రాశాడంటే ఏదో మునిగిపోతోందన్నమాట" అన్నాడు. ఏం మునగట్లేదు కదా?

నీ స్నేహితుడికి కావలసింది సాంద్రత. పెద్ద మాట చూసి బెదిరిపోవద్దని చెప్పు. ఒక వస్తువు ఎంత చోటు ఆక్రమించిందో, ఆ చోటులో ఎంత బరువు ఇమిడిందో, అంతే. బాగా పొంగిన బ్రెడ్ అదే బరువుకి ఎక్కువ చోటు తీసుకుంటుంది. పొంగనిది పిడికిట్లో నొక్కిపెట్టినట్టు ఉంటుంది. కాబట్టి బరువుని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే అంకె చాలు. అంకె పెద్దదైతే బ్రెడ్ గట్టిగా ఉన్నట్టు, చిన్నదైతే గుల్లగా ఉన్నట్టు.

బరువు కాటా మీద తెలుస్తుంది. చోటు కొలవడమే చిక్కు. నీళ్ళలో ముంచితే బ్రెడ్ నీళ్ళు తాగేస్తుంది. అందుకని నీళ్ళ బదులు ఆవాలు వాడాలి. బ్రెడ్ పట్టే పెట్టె ఒకటి తీసుకుని నిండా ఆవాలు పోసి, పైన స్కేలుతో సమంగా గీసెయ్యి. ఆ ఆవాలు వేరే గిన్నెలోకి వంపి, ఖాళీ పెట్టెలో బ్రెడ్ పెట్టి, అవే ఆవాలు మళ్ళీ అంచు దాకా పోసి గీసెయ్యి. గిన్నెలో ఎన్ని ఆవాలు మిగిలాయో అంతే బ్రెడ్ పరిమాణం. వాటిని కొలజాడీలో పోసి చూస్తే మిల్లీలీటర్లలో అంకె వస్తుంది. నా దగ్గరున్న పాత కొలజాడీ ఒకటి డ్రైవరు చేతికిస్తున్నా. అంచు కాస్త విరిగింది, గీతలు మాత్రం నిఖార్సుగా ఉన్నాయి.

బాగా వచ్చిన బ్రెడ్ ఒకటి నాకు పంపు. నేను కొలిచి, ఎంత ఉండాలో చెబుతా.

ఇంకో మాట. నువ్వు ఉత్తరం రాసిన కాగితం వెనక వైపు తడిమితే అక్షరాలన్నీ చేతికి తగులుతున్నాయి. రెండు చోట్ల కాగితం చిరిగింది కూడా. నీ దస్తూరీ ముత్యాల్లా ఉండేది కదా. పెన్ను మీద అంత కోపం ఎందుకు?

చెల్లి


బేకరీ వెనక గది,
శుక్రవారం

చెల్లెమ్మా,

జాడీ పదిలంగా చేరింది. డ్రైవరు దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట.

డబ్బాలో బ్రెడ్ పంపుతున్నా. నిన్నటి రెండో వాయిది. ఎవరో శాపం పెట్టినట్టు మొదటి వాయి చెక్కముక్కలా వచ్చింది, రెండోది మాత్రం నాకే ముద్దొచ్చింది. పాత బిస్కెట్ల రేకు డబ్బా నాలుగు లీటర్లది దొరికితే దాన్నే పెట్టె చేశాను. అంటే, మా స్నేహితుడికి ఇచ్చాను.

పెన్ను మీద కోపమేమీ లేదు. ఆ పెన్నే ముదనష్టపు పెన్ను. దానికి తోడు ఎడమ చేతి రెండు వేళ్ళకి బొబ్బలొచ్చాయి, బ్రెడ్ కాల్చే రేకు తగిలి. బట్టీ దగ్గర ఇవి మామూలే. మీ వదినతో అనకు, ఊరికే ఇల్లు పీకి పందిరేస్తుంది.

ఇక్కడో పెద్ద కబురు. మా యజమానమ్మకి ఆసుపత్రి వాళ్ళ ఆర్డరు వచ్చేలా ఉంది. రోజూ రెండొందల బ్రెడ్లు, రోగులకి. మెత్తగా ఉండాలి, ఒక్కటి కూడా గట్టిగా రాకూడదట. వచ్చే వారమే ఒక రోజు వాయి పంపి చూపించాలి. వాళ్ళకి నచ్చితే కొత్త బట్టీ పెడతారు. యజమానమ్మ అందరి ముందూ అంది: "మేస్త్రిగారి వేళ్ళుండగా మనకి భయమేంటి!" అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

ఎంత ఉండాలో అంకె తొందరగా చెప్పు.

అన్నయ్య


ల్యాబ్ గది,
మంగళవారం

అన్నయ్యా,

బ్రెడ్ నాలుగువందల గ్రాములు. ఆవాలు మిగిలింది పదహారువందల మిల్లీలీటర్లు. నాలుగువందలని పదహారువందలతో భాగిస్తే సున్నా పాయింట్ ఇరవై అయిదు, అంటే ఒక మిల్లీలీటరు చోటులో పావు గ్రాము. మూడు సార్లు కొలిచాను, మూడు సార్లూ అదే. నాలుగో సారి కొలిచేలోపు స్టాఫ్ రూము వాళ్ళు వచ్చి సాంద్రతని నాలుగు ముక్కలు చేసి తినేశారు. అందరూ మళ్ళీ ఎప్పుడు కొలుస్తావని అడుగుతున్నారు.

కాబట్టి 0.25 గుర్తు పెట్టుకో. 0.30 దాకా వస్తే పిండి ఇంకా పొంగాల్సి ఉందని అర్థం. 0.22కి దిగితే మరీ పొంగిపోయినట్టు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, కోప్పడకు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వ్యవహారం. ముందు "పెట్టె చేశాను" అనేసి, వెంటనే "అంటే, మా స్నేహితుడికి ఇచ్చాను" అని దిద్దుకున్నావు, అది నాకు కనిపించదనుకున్నావా? ఇంకొకటి. కాలే రేకు తగిలితే ఎవరైనా చెయ్యి చటుక్కున లాక్కుంటారు. బొబ్బ వచ్చేదాకా వేళ్ళు దాని మీద ఎందుకున్నాయి?

జవాబు రాయకపోయినా పర్వాలేదు. డాక్టరుకి చూపించుకో చాలు.

చెల్లి


బేకరీ వెనక గది,
శనివారం

నీ లెక్క నన్ను నిండా ముంచింది.

ఆవాలు పోయడం రానివాణ్ణేమీ కాదు. నువ్వు చెప్పినట్టే చేశాను. పెట్టె నింపాను, గీశాను, వంపాను. బ్రెడ్ పెట్టి మళ్ళీ పోశాను. మూలల్లో ఖాళీ మిగలకుండా పెట్టెను బల్ల మీద రెండు సార్లు తట్టి, దిగిన చోట ఇంకాస్త పోసి మరీ గీశాను. రేకులో పిండి వేస్తే రెండు సార్లు తట్టకుండా ఉండే మేస్త్రి ఎక్కడైనా ఉంటాడా? ఇంత శ్రద్ధగా చేస్తే ఏం వచ్చింది? 1440. భాగిస్తే 0.28. నీ అంకె 0.25. అంటే పిండి పొంగలేదన్నమాట. సరే, మర్నాడు పావుగంట ఎక్కువ ఉంచాను. 0.27. ఇంకో పావుగంట ఉంచాను.

ఆ రోజే ఆసుపత్రి వాయి. రేకుల్లో పిండి అంచులు దాటి లేచింది. కంటికి ఎక్కువైనట్టే కనిపించింది చెల్లీ, అబద్ధం ఎందుకు. కానీ కాగితం మీద లెక్క కాదంటోంది. వేళ్ళు ఎలాగూ ఏమీ చెప్పట్లేదు. కంటిని నమ్మనా, లెక్కని నమ్మనా అని పది నిమిషాలు నిలబడి లెక్కనే నమ్మాను. బట్టీ తలుపు తీసేసరికి రెండొందల బ్రెడ్లూ నడిమికి కుంగిపోయి ఉన్నాయి. బట్టీ మనిషి తల దించుకుని రేకులు ఒక్కొక్కటే బయటికి లాగాడు. యజమానమ్మ ఆసుపత్రికి ఫోన్ చేసి "ఇంకో రెండు వారాలు గడువివ్వండి" అని బతిమాలింది. ఆవిడ బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ స్నేహితుణ్ణి నేనే. నీకు తెలిసిపోయిందని నాకూ తెలుసు. ఏడెనిమిది నెలల నుంచి వేళ్ళు తిమ్మిరిగా ఉన్నాయి, ముందు కొసలు, ఇప్పుడు రెండో కణుపు దాకా. పిండి నొక్కితే దూది నొక్కినట్టుంది, బల్ల నొక్కినా దూది నొక్కినట్టే ఉంది. అదృష్టం మీద వాయిలు నడిపిస్తున్నాను. పదమూడేళ్ళప్పుడు బట్టీ దగ్గర చేరాను, ఇంకో పని రాదు. వేళ్ళు పోయాయని తెలిసిన రోజున నేనిక్కడ ఎవణ్ణి? నాలుగు బస్తాలు మొయ్యడానికి కూడా పనికిరాని ముసలాణ్ణి.

నీ జాడీ తిప్పి పంపుతున్నా.


ఇల్లు, వంటగది బల్ల,
ఆదివారం

మా అన్నయ్యకి,

డ్రైవరు ఇవాళ తిరుగు దారిలో ఆగాడు కాబట్టి నీ ఉత్తరం ఒక్క రోజులో అందింది, జవాబు కూడా అతనికే ఇస్తున్నా. జాడీ కూడా మళ్ళీ పంపుతున్నా. ఇంకోసారి తిప్పి పంపావంటే నేనే వచ్చి నెత్తిన పెడతా.

ముందు తప్పు ఎక్కడుందో చెబుతాను, ఎందుకంటే తప్పు నాది. నువ్వు పెట్టెని తట్టావు. తడితే ఆవాలు దగ్గరకి సర్దుకుంటాయి, అదే చోటులో ఎక్కువ ఆవాలు పడతాయి, గిన్నెలో మిగిలేవి తగ్గుతాయి. బ్రెడ్ మామూలుగానే ఉంది, నీకు మాత్రం చిన్నదిగా కనిపించింది. నేను తట్టకుండా కొలిచి 0.25 అన్నాను, నువ్వు తట్టి కొలిచి 0.28 అన్నావు. ఇద్దరం ఒకే బ్రెడ్ గురించి మాట్లాడుకున్నాం. ఇందాక బడి తాళం తీయించి ల్యాబ్‌కి వెళ్ళి సరిచూశాను. ఇరవై సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, ఎనిమిది ఎత్తున్న చెక్క దిమ్మ ఉంది, సరిగ్గా పదహారువందలు. నాలుగు లీటర్ల డబ్బాలో పెట్టి ఆవాలు పోసి నీలాగే రెండు సార్లు తట్టాను. 1445 వచ్చింది. చెక్క దిమ్మ కుంచించుకుపోదు కదా. తట్టొద్దు అని ఒక్క మాట రాయాల్సింది. రేకు తట్టడం నీకు ఊపిరి తీసుకున్నట్టేనని నాకు తట్టలేదు.

నీ కన్ను నిజమే చెప్పింది అన్నయ్యా. దాన్ని నమ్మనివ్వకుండా చేసింది నా ఉత్తరం. ఎంత ఏడ్చానో బావనడుగు.

ఇప్పుడు నిన్ను తిట్టే వంతు. నువ్వు నన్ను బ్రెడ్ గురించి అడిగావు, నీ ఇబ్బంది పిండి దగ్గర ఉంది. కాలిన బ్రెడ్‌ని కొలిస్తే రేపటికి బుద్ధి వస్తుందేమో గానీ ఇవాళ్టి వాయి బాగుపడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. మొదటి రోజే "చెల్లీ, నా వేళ్ళకి తెలియట్లేదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే, ఆవాలూ వద్దు పాడూ వద్దు అని ఈ కొలజాడీ సంగతి చెప్పేదాన్ని.

చూడు. కలిపిన ముద్దలోంచి వంద గ్రాములు తూచి జాడీ అడుగున పెట్టు. మిగతా పిండి పక్కనే పెట్టు, రెండింటికీ ఒకే వేడి తగలాలి. పిండి మొదట తొంభై మిల్లీలీటర్ల గీత దగ్గర ఉంటుంది. బరువు మారదు, వందే. చోటు మాత్రం పెరుగుతూ పోతుంది, అంటే సాంద్రత నీ కళ్ళ ముందే దిగుతూ ఉంటుంది. సరైన పొంగు వచ్చినప్పుడు అది ఏ గీత దగ్గరుందో ఒక్కసారి తెలిస్తే చాలు, రోజూ ఆ గీత దగ్గర "పెట్టండి బట్టీలో" అనొచ్చు. ఆ ఒక్కసారికి మంచి వేళ్ళు కావాలి. అవి ఎక్కడ దొరుకుతాయో నువ్వే ఆలోచించు.

డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా జాడీ ముట్టుకోకు.

పదమూడేళ్ళప్పుడు బట్టీ దగ్గర చేరానన్నావు. ఎందుకు చేరావో నేనెప్పుడూ మర్చిపోలేదు. నాన్న మంచాన పడితే ఇద్దరిలో ఒకరే బడికి వెళ్ళగలమన్నారు. నువ్వు నోరెత్తకుండా పుస్తకాల సంచి నా చేతికిచ్చేశావు. దాన్ని గురించి మనిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఇవాళ నాకు తెలిసిన ప్రతి లెక్కా నీ దగ్గర తీసుకున్నదే.

చెల్లి


ఇల్లు,
గురువారం

చెల్లెమ్మా,

కోపంలో ఏదేదో రాశాను. పేరు కూడా పెట్టకుండా పంపేశాను. మనసులో పెట్టుకోకు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చక్కెర జబ్బు, ఎన్నాళ్ళ నుంచో ఉందట, నరాలు దెబ్బతిన్నాయట. ఉన్నది ఇంకా పోకుండా ఆపగలంగానీ పోయింది తిరిగొస్తుందని మాటివ్వలేనంది. పుల్ల విరిచినట్టు చెప్పింది. నాకదే నచ్చింది. పొద్దున్నా సాయంత్రం మాత్రలు. తీపి బంద్. బేకరీలో పనిచేసేవాడికి ఇదేం శిక్షో!

మంచి వేళ్ళు ఎక్కడ దొరుకుతాయో ఆలోచించమన్నావు. పొయ్యి దగ్గరే నిలబడి ఉన్నాయి. మీ వదినని కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని, "నీకో సంగతి చెప్పాలి" అన్నాను. "వేళ్ళ సంగతేనా?" అంది. నీకెలా తెలుసన్నాను. "చొక్కా గుండీలు పెట్టుకోలేక ఆర్నెల్ల నుంచి నెత్తి మీంచి తొడుక్కుంటున్నారు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారు. నేనేమైనా గుడ్డిదాన్నా?" అంది. మరి అడగలేదేం అంటే, "మీరు చెప్పేదాకా ఆగుదామనుకున్నా, ఆగి ఆగి నాకే ఓపిక అయిపోయింది" అంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టయింది నా బతుకు.

ఇంట్లోనే చిన్న ముద్ద కలిపాం. జాడీలో వంద గ్రాములు, తొంభై గీత. పది నిమిషాలకోసారి ముద్దని మీ వదిన నొక్కడం, నేను అడగడం. "గుంట గబుక్కున లేచిందా?" "లేచింది." "ఇంకా కాలేదు." మళ్ళీ కాసేపటికి "ఇప్పుడు?" "మెల్లగా లేస్తోంది... ఆగింది. కాస్త గుంట మిగిలింది." "చెవి తమ్మెలా ఉందా?" అంటే తన చెవి పట్టుకు చూసుకుని "అచ్చం అలాగే" అంది. అప్పుడు జాడీ చూస్తే పిండి 230 గీత దగ్గరుంది. మర్నాడు మళ్ళీ చేశాం. 230. వందని 230తో భాగించా, ఆ భాగహారం నేనే చేశా, 0.43. ముప్పై ఏళ్ళు నా వేలికి తెలిసింది ఇదన్నమాట! నాకు భలే అనిపించింది.

ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చి నిద్ర పట్టలేదు. జాడీలో గీత చూడ్డానికి మేస్త్రి ఎందుకు? ప్యాకింగ్ ఆవిడైనా చూస్తుంది. నువ్వు నా చేతి పనిని తీసి గాజు సీసాలో పెట్టేశావు. ఇక నేను యజమానమ్మకి నిజం చెబితే ఆవిడ జాడీని ఉంచుకుని నన్ను పంపించేస్తుంది. చెప్పకుండా జాడీని మూలన దాచి చూసుకుంటూ పోతే ఎవరికీ తెలియదు. మీ వదిన "మీ ఇష్టం" అంది. ఆ మాట అన్న తీరు చూస్తే నా ఇష్టం కాదని తెలుస్తూనే ఉంది. నువ్వేమంటావు?

అన్నయ్య

వదిన రాస్తున్నా అమ్మాయీ. మాత్రలు నేనే లెక్కపెట్టి ఇస్తున్నా, దిగులు పడకు. ఆ పాత ఉత్తరాల్లో నాతో అనొద్దని నీకు రాశారట. ఈసారి అలాంటివి రాస్తే ముందు నాకే ఫోన్ చెయ్యి.


ల్యాబ్ గది,
సోమవారం

అన్నయ్యా,

వదినకి నా తరఫున దండం పెట్టు.

నేనేమంటానో నీకు తెలుసు, అయినా అడిగావు కాబట్టి చెబుతాను. యజమానమ్మకి చెప్పెయ్యి. జాడీని దాచొచ్చు, బొబ్బల్ని ఎక్కడ దాస్తావు? ఇవాళ రెండు వేళ్ళు, రేపు బట్టీ తలుపు దగ్గర అరచెయ్యి మొత్తం ఆనించి నిలబడితే? నీకు తెలియదు, మాంసం కాలిన వాసన ముందు పక్కవాళ్ళకి వస్తుంది.

పంపించేస్తుందేమో. ఉంచుకుంటుందని నేను హామీ ఇవ్వలేను. అలా జరిగితే మా ఇంట్లో ముందు గది మీదే, బావ అప్పుడే అందులోంచి సైకిలు తీసేశాడు. కానీ నీ పనంతా 0.43లో ఉందని మాత్రం నేనొప్పుకోను. నేను ముప్పై ఏళ్ళుగా పిల్లలకి జాడీలిస్తున్నా. జాడీ ఇచ్చినంత మాత్రాన ఒక్కడూ బ్రెడ్ చెయ్యలేదు.

ఈ ఉత్తరంతో పాటు ఒక పుస్తకం పంపుతున్నా. అట్ట చూడగానే గుర్తుపడతావు, లోపల నీ ముత్యాల దస్తూరీలో నీ పేరు, దాని కింద నా పేరు ఉన్నాయి. నువ్వు బడి మానేసిన రోజు చెప్పిన పాఠం దగ్గర పేజీ మూల మడత పెట్టి ఉంది. మళ్ళీ వచ్చి చదువుతాననుకుని పెట్టావేమో. ఆ పాఠం ఏమిటో తెరిచి చూడు. మరుసటి ఏడాది ఆ పుస్తకం నాకొచ్చింది, ఆ మడత నేను విప్పలేదు. దాని చివర అయిదు లెక్కలున్నాయి. తీరిక దొరికితే చెయ్యి.

చెల్లి


బేకరీ, పిండి బల్ల దగ్గర,
శుక్రవారం

చెల్లెమ్మా,

ఈసారి వెనక గదిలో దాక్కుని కాదు, బల్ల దగ్గరే కూర్చుని రాస్తున్నా. చూసేవాళ్ళు చూడనీ.

చెప్పేశాను. మొన్న మధ్యాహ్నం యజమానమ్మ గదిలోకి వెళ్ళి, జాడీ బల్ల మీద పెట్టి, వేళ్ళు చూపించి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆసుపత్రి వాయి ఎందుకు కుంగిందో కూడా. ఆవిడ నా చేతులు దగ్గరికి లాక్కుని వేళ్ళు తిప్పి చూసింది.

"ఎన్నాళ్ళయింది?" అంది.

"ఏడెనిమిది నెలలు."

"ఏడెనిమిది నెలలు నేను, చేతికి వేడి తెలియని మనిషిని బట్టీ దగ్గర నిలబెట్టానా?" ఆవిడ కుర్చీలోంచి లేచింది. కోపమో భయమో నాకు తెలియలేదు. "మీకేమన్నా అయితే మీ ఆవిడకి నేనేం సమాధానం చెప్పాలండీ? రేకు ముట్టుకోవడానికి వీల్లేదు. బట్టీ తలుపు దరిదాపులకి రావడానికి వీల్లేదు. ఇవాళ్టి నుంచే."

అయిపోయింది అనుకున్నా. తువ్వాలు భుజాన వేసుకున్నా. "ఆసుపత్రి వాయి దాకా ఉండండి. ఆ జాడీ ఎలా చూడాలో మాకు నేర్పించండి" అంది. తర్వాత సంగతి ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగే ధైర్యం చాల్లేదు.

నిన్న ఆ వాయి పెట్టాం. పొద్దున్నే జాడీలో వంద గ్రాములు. రోజూ గంటంబావుకి 230 వచ్చేస్తుంది. నిన్న గంటంబావుకి 150 దాటలేదు. యజమానమ్మ గడియారం కేసి, జాడీ కేసి, నా కేసి చూసింది. "గడువు దాటిపోతోంది మేస్త్రిగారూ, పెట్టేద్దామా?" అంది. బట్టీ మనిషి రేకులు పట్టుకుని నిలబడ్డాడు. నేను ముద్ద మీద గుడ్డ తీసి వాసన చూశాను. పుల్లటి వాసన రావాల్సినంత రాలేదు. పిండి బస్తా దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టాను. వేళ్ళకి తెలియదు కదా, మోచెయ్యి దాకా దించాను. చల్లగా ఉంది! లారీ దించిన బస్తాలు రాత్రంతా బయట వసారాలో పెట్టేశారు. పిండి చల్లబడితే ఈస్ట్ బద్ధకంగా ఉంటుంది. "బస్తా చల్లగా ఉందండీ, ముద్దకి ఇంకో ముప్పావుగంట కావాలి. బట్టీ పక్కకి జరపండి, జాడీని కూడా" అన్నాను. బట్టీ మనిషి రేకులు దించి జాడీ పక్కకి వచ్చి నిలబడ్డాడు. నలభై నిమిషాలకి 210. యాభై నిమిషాలకి 230.

"పెట్టండి బట్టీలో" అన్నాను.

యజమానమ్మే స్వయంగా ఆవాల డబ్బా తెప్పించి ఒక బ్రెడ్ కొలిచింది. అలవాటు కొద్దీ నా చెయ్యి డబ్బా మీదకి వెళ్ళింది. "తట్టకండి!" అని బట్టీ మనిషి అరిచాడు, వాడికి కూడా పాఠం వచ్చేసింది. 1590. సున్నా పాయింట్ ఇరవై అయిదు. సాయంత్రానికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, రేపటి నుంచే పంపమని.

నేను తువ్వాలు భుజాన వేసుకుని జాడీ కడిగి బల్ల మీద పెట్టాను. వెళ్ళొస్తానండీ అన్నాను. యజమానమ్మ అడిగింది: "బస్తా చల్లగా ఉన్న సంగతి ఆ జాడీలో కనిపిస్తుందా?"

"కనిపించదండీ."

"అయితే రేపు పెందలాడే రండి" అంది.

దారి పొడుగునా ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళాను చెల్లీ. మీ వదిన నా మొహం చూసి పని పోయిందనుకుని తనూ ఏడ్చింది. సంగతి చెప్పాక ఇద్దరం నవ్వుకున్నాం.

పుస్తకం చూశాను. మడత విప్పి చూస్తే పైన పెద్ద అక్షరాల్లో 'సాంద్రత' అని ఉంది. ఆ రోజు మాస్టారు బల్ల మీద ఇనప ముక్క, చెక్క ముక్క పెట్టి "రెంటిలో ఏది బరువు?" అని అడిగారు. జవాబు చెప్పేలోపు నాన్న కోసం కబురొచ్చింది. జవాబేమిటో నలభై ఏళ్ళు తెలియకుండానే బతికేశాను. మళ్ళీ మడత ఎలా ఉందో అలా పెట్టేశాను, నువ్వు దాచుకున్నది కదా.

అయిదు లెక్కలూ చేశాను. దస్తూరీ చూసి నవ్వకు, పెన్ను ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకు తెలియదు. దిద్ది పంపు.

అన్నయ్య


ల్యాబ్ గది,
మంగళవారం

అన్నయ్యా,

దిద్దాను. అయిదుకి మూడున్నర.

మొదటిది, రెండోది, అయిదోది రైట్. మూడోదానిలో అంకె సరిగ్గానే వచ్చింది, పక్కన గ్రాములో మిల్లీలీటర్లో ఏమీ రాయలేదు. వట్టి అంకె రాస్తే అది బ్రెడ్దో బస్తాదో ఎవరికి తెలుస్తుంది? సగం మార్కు కోశాను. నాలుగోదానిలో భాగహారం తలకిందులు చేశావు, చోటుని బరువుతో భాగించావు. మళ్ళీ చేసి చూపించు. నలభై ఏళ్ళు ఆలస్యంగా అప్పగించినందుకు మాత్రం ఏమీ తగ్గించలేదు.

నీ కాగితం పిల్లలకి చూపించాను. ఎవరిదని అడిగారు. మా అన్నయ్యది, నా కంటే ముందు ఈ పాఠం మొదలుపెట్టాడు అన్నాను. వెనక వైపు తడిమి చూశాను, అక్షరాలు ఇంకా చేతికి తగులుతున్నాయి. ఈసారి చిరగలేదు.

పుస్తకం నువ్వే ఉంచుకో, అది నీదే. మడత కూడా విప్పేసెయ్యి. తర్వాతి పాఠం చదువు, ఈసారి ఎవరూ పిలవరు.

డబ్బా మాత్రం తట్టకు.

చెల్లి